పతకం మీద ఇసుక గీతలు



ఆటల తారీఖ్‌లో గెలిచినవాళ్ల పేర్లు మనకు యాద్ ఉంటాయి. వాళ్ల మెడలోని పతకం మీద నఖ్ష్ గీసింది ఎవరని మాత్రం అడగం. ఈసారి ఒక పతకం గురించి అడిగి చూద్దాం. అది మన తెలుగువాళ్ల ఇళ్లకూ వచ్చింది కాబట్టి అడిగే హక్ మనకుంది.

2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో మన హైదరాబాద్ సైనా నెహ్వాల్‌కు బంగారం, పి.వి. సింధుకూ కిదాంబి శ్రీకాంత్‌కూ వెండి దక్కాయి. వాళ్ల మెడల్లో పడ్డ పతకాలకు నమూనా గీసిన ఫన్‌కార్ డెల్వీన్ కాకటూ-కాలిన్స్. ఆమె ఆస్ట్రేలియా మూలవాసుల్లో క్వాండమూకా ఖౌమ్‌కు చెందిన స్త్రీ. వాళ్ల వతన్ మింజెరిబా అనే ద్వీపం. అంగ్రేజులు దానికి నార్త్ స్ట్రాడ్‌బ్రోక్ అని పేరు పెట్టారు.

ఆమె పతకం మీద గీసింది సముద్రం ఒడ్డున ఇసుకలో పడే మెత్తని గీతలు. ధర్మపురి దగ్గర గోదావరి వరద తీశాక ఇసుక మీద మిగిలే అలల జాడ చూసినవాళ్లకు అదెలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒక అల గీసింది ఇంకో అల మారుస్తుంది. ఆటగాడి ఘనత కూడా అంతే, ఇవాళ్టి రికార్డు రేపటికి నిలవదు. ఆమె చెప్పిన మత్‌లబ్ ఇదే.

కానీ ఆ గీతల వెనక ఇంకో కథ ఉంది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1897లో ఒక ఖానూన్ తెచ్చింది. పేరుకు అది మూలవాసుల ‘హిఫాజత్’ కోసం. అసలుకు వాళ్లు ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర పని చేయాలో, చివరికి ఎవరిని నికాహ్ చేసుకోవాలో కూడా అధికారి ఇజాజత్ లేకుండా కుదరదు. క్వాండమూకా వాళ్లకు తమ నేల మీద హక్ ఉందని అదాలత్ ఒప్పుకున్నది 2011లో. ఆ తర్వాత ఏడేళ్లకే వాళ్ల ఒడ్డు ఇసుక గీతలు దునియా అంతటి నుంచి వచ్చిన ఆటగాళ్ల మెడల్లోకి చేరాయి.

అదే క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో రాగాల వెంకట రాహుల్ మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. అతని ఊరు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని ఖౌమ్‌లను పుట్టుకతోనే ముజ్రిమ్‌లని రాసేసింది. ఆ చట్టం నీడలో ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలాలో ఉంచడానికి అంగ్రేజులు కట్టిన బస్తీ అది. ఆ చట్టం 1952లో పోయినా బద్‌నామ్ మాత్రం ఊరిని వదల్లేదు. ఇద్దరి పూర్వీకుల గడ్డల మీదా ఒకే హుకూమత్ అలాంటి ఖానూన్‌లే పెట్టింది. అక్కడి ఇసుక గీత ఇక్కడి ఊరి కుర్రాడి గుండె మీదికి రావడం నాకు మామూలు ఇత్తెఫాక్‌లా అనిపించదు.

ఇక మన ఇలాఖా సంగతి. జగిత్యాల నుంచి కరీంనగర్ ఎంత దూరం? సన్నని వెండి తీగలు మెలిపెట్టి అతికే ఫిలిగ్రీ పని అక్కడ ఇంకా బతికే ఉంది. ఒకప్పుడు నవాబుల ఇళ్లకు పాన్‌దాన్లు, ఇత్తర్‌దాన్లు చేసిచ్చిన హునర్ అది. దానికి 2007లో జీఐ గుర్తింపు వచ్చింది. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే, మైనం నమూనాలతో ఇత్తడి పోతపోసే ఓజ కారీగర్లు ఉన్నారు. గోండుల దేవతా సామగ్రి వాళ్ల చేతుల మీదుగానే తయారవుతుంది. ఆ ఢోక్రా పనికి 2018లో జీఐ దక్కింది.

ఇంత హునర్ పక్కన పెట్టుకుని, మన బడుల్లో ఆటల పోటీలకు బజారులో దొరికే ప్లాస్టిక్ కప్పులు పంచుతున్నాం. కోరుట్లలోనో సిరిసిల్లలోనో పిల్లలకు ఇచ్చే ఒక్క మొదటి బహుమతైనా ఈ కారీగర్ల చేత చేయించి, వెనక వాళ్ల పేరు చెక్కిస్తే ఎంత బాగుంటుంది! ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది. కానీ గెలిచిన పిల్లకు ఇజ్జత్, చేసిన చేతికి పహచాన్, రెండూ ఒకేసారి దక్కుతాయి. మీ బడి కమిటీలో ఈ మాట ఒకసారి ఎత్తి చూడండి.

ఖుదా హాఫిజ్.