ఫీల్డ్ ఫ్లో ఫ్రాక్షనేషన్

ద్రవంలో తేలియాడే సూక్ష్మకణాలను పారుతున్న ప్రవాహంలోనే పరిమాణం వారీగా వేరుచేసి, ఏ పరిమాణం కణాలు ఎంత ఉన్నాయో తేల్చే పద్ధతి ఫీల్డ్ ఫ్లో ఫ్రాక్షనేషన్. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త జె. కాల్విన్ గిడ్డింగ్స్ 1966లో దీన్ని ప్రతిపాదించాడు.

ముందు వేరుచేసి తరువాత కొలవడం ఎందుకు అవసరమో కాంతి పరిక్షేపణం చెబుతుంది. కాంతి తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన కణాలు వెదజల్లే కాంతి వాటి వ్యాసపు ఆరవ ఘాతంతో పెరుగుతుంది. 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్ల కణాలు పది లక్షలు వెదజల్లేంత కాంతిని వెదజల్లుతుంది. మిశ్రమాన్ని ఉన్నదున్నట్టుగా కొలిస్తే కొద్దిపాటి పెద్ద కణాలే కనిపించి, చిన్నవి ఎన్ని ఉన్నా మరుగున పడిపోతాయి.

పరికరంలో ప్రధాన భాగం సన్నని, పొడవాటి కాలువ. దాని మందం సాధారణంగా కొన్ని వందల మైక్రోమీటర్లే. ఇందులో ద్రవం సుడులు లేకుండా, పొరలు పొరలుగా పారుతుంది. వేగం గోడల దగ్గర సున్నా, మధ్యలో సగటుకు ఒకటిన్నర రెట్లు. ప్రవాహానికి అడ్డంగా ప్రయోగించే బలం కణాలను ఒక గోడవైపు నెడుతుంది. విసరణం వాటిని తిరిగి మధ్యకు తెస్తుంది. ఈ రెండూ సరితూగినచోట కణాలు ఒక పలుచని పొరగా నిలుస్తాయి. అడ్డుబలం ప్రవాహమే అయినప్పుడు ఆ పొర సగటు మందం విసరణ గుణకాన్ని అడ్డుప్రవాహ వేగంతో భాగిస్తే వస్తుంది. గది ఉష్ణోగ్రత నీటిలో, అడ్డుప్రవాహం సెకనుకు 7 మైక్రోమీటర్లైతే, 100 నానోమీటర్ల కణాలు గోడనుంచి సగటున 0.7 మైక్రోమీటరు ఎత్తులోనూ, 10 నానోమీటర్లవి సుమారు 7 మైక్రోమీటర్ల ఎత్తులోనూ ఉంటాయి. పైనున్న చిన్నవి వేగమైన ధారలో చిక్కి ముందుగా బయటపడతాయి. క్రొమాటోగ్రఫీలో లాగా ఇక్కడ కాలువలో నింపిన పదార్థమేదీ ఉండదు. కాబట్టి పెళుసైన కణసమూహాలు చెదిరే ప్రమాదం తక్కువ.

సుమారు ఒక మైక్రోమీటరు దాటాక ఈ క్రమం తలకిందులవుతుంది. అంత పెద్ద కణాలకు విసరణం నామమాత్రం. గోడకు ఆనుకున్నా వాటి దేహమే ధారలోకి పొడుచుకు వస్తుంది కనుక పెద్దవే ముందు వెళతాయి. దీంతో వేర్వేరు పరిమాణాల కణాలు ఒకే సమయంలో బయటకు రావచ్చు. కేవలం సమయాన్ని నమ్మి పరిమాణం లెక్కగట్టేవారు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

అడ్డుబలాన్ని బట్టి పద్ధతికి రకాలున్నాయి. 1987లో వాలుండ్, గిడ్డింగ్స్ వివరించిన అసౌష్ఠవ ప్రవాహ పద్ధతి నేడు బాగా వాడుకలో ఉంది. ఇందులో కింది గోడ సూక్ష్మరంధ్రాల మెంబ్రేన్. ద్రవంలో కొంత దానిగుండా జారిపోవడమే అడ్డుప్రవాహం. అపకేంద్ర పద్ధతిలో నిలుపుదల వ్యాసపు మూడవ ఘాతాన్ని అనుసరిస్తుంది కనుక దగ్గరి పరిమాణాలు కూడా స్పష్టంగా విడిపోతాయి. అయితే కణానికీ ద్రవానికీ సాంద్రతలో తేడా ఉండాలి. ఉష్ణోగ్రతా భేదంతో నడిచే రకం ముఖ్యంగా పాలిమర్లకు వాడతారు.

కాలువ చివర అతినీలలోహిత శోషణ, బహుకోణ కాంతి పరిక్షేపణ డిటెక్టర్లుంటాయి. లోహకణాలకైతే ప్లాస్మా ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటర్‌ను జతచేస్తారు. మెంబ్రేన్ వల్ల కాలువ అసలు మందం నిర్ణీత కొలతకు భిన్నంగా ఉండవచ్చు. అందుకే పరిమాణం తెలిసిన పాలీస్టైరీన్ కణాలతో సరిచూస్తారు. కొన్ని కణాలు మెంబ్రేన్‌కు అంటుకుపోతాయి. ఎంత నమూనా పంపితే ఎంత తిరిగొచ్చిందో లెక్కచూడని ఫలితానికి విలువ లేదు.

ఫలితం సంఖ్య ప్రకారమా, ద్రవ్యరాశి ప్రకారమా అన్నదీ స్పష్టంగా చెప్పాలి. ఒకే పదార్థమైతే 100 నానోమీటర్ల గోళం ఒక్కటి 10 నానోమీటర్ల గోళాలు వెయ్యింటి బరువు తూగుతుంది. ఐరోపా సంఘం 2011లో సిఫారసు చేసిన నానోపదార్థ నిర్వచనం సంఖ్యనే ప్రమాణంగా తీసుకుంది.

జీవశాస్త్రంలోనూ ఈ పద్ధతి కొత్త దారి తెరిచింది. 2018లో పరిశోధకులు అసౌష్ఠవ ప్రవాహ పద్ధతితో జీవకణాలు విడుదల చేసే ఎక్సోసోమ్‌లను రెండు ఉపవర్గాలుగా విడదీశారు. వాటికన్నా చిన్నవైన, చుట్టూ పొర లేని, సుమారు 35 నానోమీటర్ల ఎక్సోమియర్‌లను గుర్తించినది కూడా ఆ పరిశోధనలోనే.