ఇంగ్లీషు క్రియ ‘ప్లాడ్’: అర్థం, ప్రయోగం, తెలుగు చేయడంలో చిక్కులు

నెమ్మది నడకను చెప్పే క్రియలకు ఇంగ్లీషులో కొదవ లేదు. ‘సాంటర్’ పనీ తొందరా లేనివాడి షికారు. ‘షఫుల్’లో పాదం నేలను వదలదు. ‘టాడిల్’ పసివాళ్ల బుడిబుడి నడక. ‘ట్రడ్జ్’లో అలసటా అయిష్టమూ ఉంటాయి, కాలికింద బురదో మంచో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇక ‘ప్లాడ్’ దగ్గరికొచ్చేసరికి ‘మెల్లగా, బరువుగా నడుచు’ అని సరిపెట్టుకుంటాం. ఆ వరసలో ‘మెల్లగా’ ముందుండటమే నా అభ్యంతరం. ఈ క్రియకు అడుగు బరువు, ఆగకపోవడం రెండూ ప్రాణం. వేగం తగ్గడం వాటివల్ల వచ్చిపడేదే.

ప్రయోగాన్ని గమనిస్తే ఇది తేలిగ్గానే తెలుస్తుంది. ‘ప్లాడ్’ పక్కన తరచుగా కనిపించేవి ‘ఆన్’, ‘అలాంగ్’, ‘త్రూ’. మూడూ కొనసాగింపును చెప్పేవే. సాంటర్ చేసేవాడు దారిలో కొట్టు ముందు ఆగి, అద్దాల్లోంచి బొమ్మలు చూసి, మళ్లీ కదలవచ్చు. ఆ ఆగడం కూడా షికారులో భాగమే. ప్లాడ్ చేసేవాడు అలా ఆగాడంటే ఆ క్రియ అతనికి ఇక వర్తించదు. 16వ శతాబ్దం నుంచీ కనిపించే ఈ మాట పుట్టుక తేలలేదు. నేలమీద పడే అడుగు చప్పుడునుంచే పుట్టి ఉండవచ్చని ఒక ఊహ ఉంది.

1751లో అచ్చయిన థామస్ గ్రే స్మశాన కావ్యం మొదటి చరణంలోనే ఈ క్రియ ఉంది. పొద్దుగూకే వేళ ఇంటిముఖం పట్టిన దుక్కి మనిషికి గ్రే దీన్ని వాడాడు. అక్కడ రెండు సంగతులు జరిగాయి. అకర్మకంగా ఉండాల్సిన క్రియకు ‘తన దారి’ కర్మ అయింది. మనిషికి చెందాల్సిన అలసట దారికి విశేషణమైంది. నడక ఎంత భారమంటే, అలసట కాళ్లలోంచి బాటలోకి దిగిపోయింది! క్రియ తర్వాత ‘తన దారి’ని చేర్చే ఈ నిర్మాణం ఇంగ్లీషుకు బాగా అలవాటైనదే. తెలుగులో దానికి సరిజోడు లేదు. అందుకే ‘అలసిన రైతు మెల్లగా ఇంటికి వెళ్తున్నాడు’ అని రాసి చేతులు దులుపుకుంటే విషయం దక్కుతుంది గాని అడుగుల బరువు దక్కదు.

ఈ చిక్కుకు భాషల అమరికలోనే కారణం ఉంది. భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ 1985లో చేసిన విభజన ప్రకారం ఇంగ్లీషు నడక తీరును ప్రధాన క్రియలో పెట్టి, దిశను చిన్న అవ్యయాలకు వదిలేస్తుంది. తెలుగు సాధారణంగా దిశను ప్రధాన క్రియకు ఇస్తుంది: ఎక్కాడు, దిగాడు, దాటాడు. తీరు ‘-తూ’ రూపంలోకో, క్రియావిశేషణంలోకో పోతుంది. కొండమీదికి ప్లాడ్ చేశాడనడానికి మనం ‘బరువుగా అడుగులేస్తూ కొండ ఎక్కాడు’ అంటాం. ఇది లోటేమీ కాదు, సర్దుబాటులో తేడా. కాకపోతే మన జంటమాటలు వేగం మీద చూపిన మోజు బరువు మీద చూపలేదనిపిస్తుంది. గబగబా, చకచకా, బిరబిరా, చరచరా... వెంటనే నోటికొచ్చేవి ఇవే.

‘కాళ్లీడ్చుకుంటూ’ అనవచ్చు కదా అంటే, అందులో ఓపిక అయిపోయిన మనిషి కనిపిస్తాడు. అది ట్రడ్జ్‌కు దగ్గర. ‘పడుతూ లేస్తూ’లో నిలకడ లేదు. నా దృష్టిలో పనికొచ్చే ఉపాయం అర్థాన్ని రెండు చోట్లకు పంచడం: బరువును ‘-తూ’ రూపానికీ, పట్టుదలను ‘పోవు’, ‘వచ్చు’ సహాయక్రియలకూ అప్పగించడం. ‘అడుగు తీసి అడుగు వేస్తూ అలాగే నడుచుకుంటూ పోయాడు’ అన్న వాక్యంలో ‘ఆన్’ చేసే పనిని ‘పోయాడు’ చేస్తోంది.

నడక దాటి పనిలోకి వచ్చాక తెలుగు మరో తోవ తొక్కుతుంది. విసుగు పుట్టించే ఉద్యోగాన్ని ఏళ్లతరబడి ప్లాడ్ చేసేవాణ్ని మనం ‘ఏదో నెట్టుకొస్తున్నాడు’, ‘బండి లాగిస్తున్నాడు’ అంటాం. ఇక్కడ మనిషి నడవడు, ఏదో ఒకటి తోస్తాడు లేదా లాగుతాడు. బరువూ ఉంది, ఆగకపోవడమూ ఉంది. వేగం ఊసే లేదు. పై వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం ఇంగ్లీషులో వెతకనక్కర్లేదు.

‘ప్లాడర్’ అనే నామవాచకం మాత్రం మరింత మొండిది. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో బిరోన్ పుస్తకాలకు అతుక్కుపోయేవాళ్లను ఈ మాటతోనే ఎగతాళి చేస్తాడు. బుర్రలో చురుకు లేక, ఓపికతో నెట్టుకొచ్చేవాడని ఎత్తిపొడుపు. క్రైస్తవ మిషనరీ విలియం కేరీ దాన్నే తనకు తాను తగిలించుకున్నాడు. చెప్పులు కుట్టే పని నేర్చి, 1793లో బెంగాల్ చేరి, ఎన్నో భారతీయ భాషల్లో పనిచేసిన ఆయన, తన గురించి ఎవరైనా రాస్తే ప్లాడర్ అంటే చాలని, ఆ గుణం ఒక్కటే తనదని తమ్ముడి కొడుకు యూస్టస్‌తో అన్నాడు. 1812లో ఆయన పనిచేసే శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడి వ్యాకరణాల, అనువాదాల రాతప్రతులు బూడిదయ్యాయి. రెండేళ్లకే, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణం అదే ఊళ్లో అచ్చయింది.

బిరోన్ నోట ‘ప్లాడర్’ను ‘రుబ్బుడుగాడు’ అనవచ్చు. కేరీ నోట అదే మాటకు ‘పట్టు వదలనివాడు’ అని రాస్తే మరీ గొప్పగా ఉంటుంది, ఆయన అణకువ పోతుంది. ‘తెలివి లేకపోయినా పని వదలనివాడు’ అని విడమరచి రాయడమే నాకు తోచిన మార్గం. ఒక్క మాటకు ఒక్క మాటే కావాలనే అనువాదకులు దీనికి ఒప్పుకోరు.