లేని డ్రమ్మర్ వాయించిన దరువు

ప్రపంచమంతా చిందేసిన ఒక పాటకు డ్రమ్స్ వాయించినట్టు పేరు పడ్డ మనిషి అసలు పుట్టనే లేదు. పేరు బెర్నార్డ్ లూప్. పాట బీజీస్ వారి 'స్టేయిన్ అలైవ్', 1977 నాటిది. ఇంత నిలకడగా వాయించే ఆయన మాకూ కావాలంటూ ఆ రోజుల్లో సంగీత నిర్మాతలు వాకబు చేశారట. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో కంప్యూటర్ తెరిచి ఏ డ్రమ్ లూప్ మీద నొక్కినా, దీన్ని వాయించింది ఎవరు అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

కథ జరిగింది పారిస్‌కు దగ్గర్లో, షాతో దెరూవీల్ అనే పాత భవంతిలో పెట్టిన స్టూడియోలో. 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమాకు పాటలు సిద్ధం చేస్తున్నారు. బృందం డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ ఇంట్లో కష్టం వచ్చి ఊరెళ్లాల్సి వచ్చింది. పని ఆపే వీలు లేదు. ఆర్గన్‌లో ఉండే రిథమ్ పెట్టెతో ప్రయత్నించారు. అందులో ప్రాణం లేదనిపించింది. అప్పటికే బ్రయన్ 'నైట్ ఫీవర్' అనే మరో పాటకు వాయించి వెళ్లాడు. నిర్మాత ఆల్బీ గాల్యుటెన్, ఇంజినీర్ కార్ల్ రిచర్డ్‌సన్ ఆ టేపు విని, రెండు ఆవర్తాలు ఎంచి, వాటిని వేరే టేపు మీదికి ఎక్కించారు. ఆ టేపు ముక్క రెండు కొసలూ కలిపి అతికించారు.

అడుగుల కొద్దీ పొడవున్న ఆ చుట్ట యంత్రంలో పట్టదు. అందుకని దాన్ని బయటికి లాగి మైకు స్టాండు మీదుగా తిప్పారు. వేలాడే టేపు సడలకుండా ఒక ప్లాస్టిక్ చక్రాన్ని బరువుగా వేశారు. యంత్రం తిరుగుతున్నంతసేపూ అవే రెండు ఆవర్తాలు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. మనిషి చేతిలోని ఒడుపూ యంత్రంలోని పట్టుదలా ఒకేచోట కలిసిన ఘడియ అది. అదే చుట్ట 'మోర్ దాన్ ఎ వుమన్' పాటకూ, తర్వాత 1980లో బార్బ్రా స్ట్రైసాండ్ పాడిన 'వుమన్ ఇన్ లవ్'కూ పనికొచ్చింది. డ్రమ్మర్ పేరు వేయాల్సి వచ్చినప్పుడు, అప్పట్లో పేరుమోసిన బెర్నార్డ్ పర్డీ పేరును తలపించేలా సరదాగా 'బెర్నార్డ్ లూప్' అని పెట్టారు; లూప్ అంటే చుట్టే. 'స్టేయిన్ అలైవ్' వేగం నిమిషానికి సుమారు 103 దెబ్బలు. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి, సీపీఆర్ నేర్పేవాళ్లు ఇప్పటికీ ఈ పాటను గుర్తుపెట్టుకోమంటారు.

ఈ ఆలోచనకు పూర్వీకులు ఉన్నారు. 1948లో పారిస్ రేడియోలో పియెర్ షేఫర్ గ్రామఫోను రికార్డు గాడిని తనలోకే తిరిగి కలిసేలా కోసి, రైలు చప్పుళ్లను మళ్లీ మళ్లీ మోగించి సంగీతమన్నాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ అసలైన డ్రమ్మర్ వాయింపును టేపు చుట్టలుగా పెట్టెలో అమర్చాడు. 1959 నాటి వుర్లిట్జర్ సైడ్‌మాన్‌లో టేపు కూడా లేదు; చక్రం తిరుగుతూ విద్యుత్తుతో చప్పుడు పుట్టించేది. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎం-1లో నిజమైన డ్రమ్ శబ్దాలను చిప్పుల్లో దాచారు. మెమరీ ఖరీదు ఎక్కువై, ఎక్కువసేపు మోగే పెద్ద తాళాలను వదిలేయాల్సి వచ్చింది. అదే ఏడాది జపాన్ నుంచి రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం వచ్చింది. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఆ పెట్టె దరువు మీదే పది రాగాలు వాయించి రికార్డు చేశాడు.

ఇక కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ రూపంలో ఇళ్లలోకి ప్రయాణం వేగంగా సాగింది. 1997లో ఫ్రూటీలూప్స్, 1998లో శ్రుతి మారకుండా లూప్ వేగం మార్చే యాసిడ్, 2004లో యాపిల్ వారి గరాజ్‌బ్యాండ్.

ఈ సౌకర్యం వెనక పోయినదేమిటో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. 1969లో ది విన్‌స్టన్స్ బృందం 'ఆమెన్, బ్రదర్' పాటలో గ్రెగరీ కోల్మన్ కొన్ని క్షణాలు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ నాలుగు ఆవర్తాలను కోసి వేలాది పాటల్లో వాడారు. బ్రిటన్‌లో జంగిల్ అనే సంగీతం చాలావరకు దానిమీదే నిలిచింది. కోల్మన్‌కు ఒక్క పైసా రాయల్టీ రాలేదు. 2006లో నిలువ నీడ లేకుండా చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చారు. లేని లూప్‌కు పేరు దక్కింది, ఉన్న కోల్మన్‌కు కూడు దక్కలేదు. ఇది నాకు ఎప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది.

పోయింది మరొకటి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే పదహారు గళ్లలో మన ఆది తాళం హాయిగా ఇముడుతుంది: ఎనిమిది అక్షరాలు, ఒక్కోదానికి రెండు గళ్లు. మిశ్రచాపు ఏడు, ఖండచాపు ఐదు. అవి కావాలంటే గళ్ల సంఖ్య మనమే మార్చుకోవాలి. ఆ పని చేయక, వచ్చిన గళ్లలోనే పాటలు కట్టుకుంటూ పోతే ఏడు లెక్కించే చెవి మన పిల్లలకు మిగలదు.

అందుకే లూప్ మీరే చేసుకోండి. మీకు తెలిసిన డప్పు కళాకారుణ్ణి పిలవండి. తోలు నిప్పు సెగకు బిగిశాకే మైకు పెట్టండి. చల్లారితే శ్రుతి దిగి ముక్కకూ ముక్కకూ పొంతన కుదరదు. హెడ్‌ఫోన్‌లో మెట్రోనోమ్ వినిపిస్తూ కొన్ని నిమిషాలు ఆపకుండా వాయించమనండి. చేయి కుదురుకున్నాక వచ్చిన రెండు ఆవర్తాలను ఎంచండి. దెబ్బ పడే చోటికి రవ్వంత ముందు కోయండి, చివర చిన్న ఫేడ్ ఇవ్వండి, అతుకు దగ్గర టిక్కుమనదు. ప్రతి దెబ్బనూ గీత మీదికి లాగి సరిచేయకండి. ఆ కాస్త ముందువెనకలే ఆయన వాటం.

ఫైలు పేరులో వాయించినవారి పేరు, ఊరు రాయండి. ఆరోజు కూలి ఆరోజే ఇవ్వండి. పాట మీద నాలుగు రూపాయలు వస్తే అందులోనూ వాటా పంపండి.