చేతులు కడిగించిన లెక్క

ఉగాదినాడు పంచాంగం వినేటప్పుడు మనమందరమూ ముందుగా చెవియొగ్గేది ఆదాయ వ్యయాలకే. ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్క లేకుండా సంసారం సాగదు. ఆసుపత్రి సంగతి కూడ అంతే. అట్టి లెక్క ఒకటి ఎందరో తల్లుల ప్రాణాలు నిలిపింది. ఆ లెక్కను పెడచెవిని పెట్టినందువల్ల మరెందరో పోయారు.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. 1840 తరువాత మొదటిదానిలో వైద్య విద్యార్థులూ, రెండవదానిలో మంత్రసానిపని నేర్చుకొనే స్త్రీలూ శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో 4,010 కాన్పులకు 459 మంది తల్లులు మరణించారు. రెండవదానిలో 3,754 కాన్పులకు 105 మంది. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడి బ్రతిమాలుకొనేవారు.

సూతికా జ్వరానికి గాలిదోషమే కారణమని నాటి పండితుల మాట. 1846లో అక్కడ సహాయ వైద్యుడుగా చేరిన హంగేరీ దేశస్థుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆ మాటతో తృప్తిపడలేదు. ప్రక్కప్రక్కనున్న రెండు విభాగాలకు వేరువేరు గాలి ఎక్కడినుండి వస్తుంది? జనసమ్మర్దమే కారణమనుకొందామా, రెండవ విభాగంలోనే జనం ఎక్కువ. కాన్పు సమయంలో పడుకోబెట్టే తీరు మార్చి చూశాడు, మరణాలు తగ్గలేదు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు ప్రొఫెసర్ కొల్లెచ్కా శవపరీక్ష సమయంలో ఒక విద్యార్థి కత్తి వేలికి తగిలి, ఆ గాయం విషమించి మరణించాడు. ఆయన శరీరంలో కనిపించిన మార్పులూ, సూతికా జ్వరంతో పోయిన తల్లుల శరీరాలలోని మార్పులూ ఒక్క తీరుగా ఉన్నాయి. దానితో చిక్కు విడిపోయింది. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించేవారు. మంత్రసానులకు శవపరీక్షతో పని లేదు.

ఆ మే నెల నడుమనుండి క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగిన పిమ్మటనే రోగిని తాకవలెనని ఆయన నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు జూన్ నాటికి 2కు దిగాయి. 1848లో మొదటి విభాగంలో 3,556 కాన్పులకు పోయినవారు 45 మంది మాత్రమే.

ఇంతటి సత్యానికి లోకం జోహారనవలసింది. కాని తమ చేతులే మృత్యువును మోసుకొనిపోయినవన్న మాట పెద్ద డాక్టర్లకు మింగుడుపడలేదు. క్రిముల సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు. సెమ్మెల్‌వైస్ వైపునా లోపం లేకపోలేదు. ఆయన 1861 దాకా గ్రంథం ప్రకటించలేదు. తరువాత ఎదిరించినవారిని హంతకులని దూషిస్తూ లేఖలు వ్రాశాడు. చివరకు 1865లో పిచ్చాసుపత్రిలో, 47వ ఏట, గాయం చీముపట్టి కన్నుమూశాడు. 1879లో లూయీ పాశ్చర్ సూతికా జ్వరపు క్రిమిని చూపేనాటికి ఆయన లేడు.

సత్యాన్ని కనుగొనడం ఒక పని; దానిని పదిమందికి ఒప్పేటట్లు నేర్పడం వేరొక పని. రోగాల లెక్క తీసి, కారణం వెదకి, అరికట్టే విద్యను నేడు డాక్టర్లకు ప్రత్యేకంగా బోధిస్తున్నారు. చెన్నైలో 1999లో ఏర్పడిన జాతీయ సాంక్రమిక వ్యాధి శాస్త్ర సంస్థ 2001లో ఇట్టి క్షేత్రశిక్షణను ప్రారంభించింది. చేతులు శుభ్రపరచుకొనవలసిన అయిదు సందర్భాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నిర్ణయించి చెప్పింది. వాటిలో మొట్టమొదటిది రోగిని తాకడానికి ముందు.

బయటినుండి వచ్చినవారు కాళ్లూ చేతులూ కడుక్కోనిదే మన పెద్దలు పురిటిబిడ్డను చేతికిచ్చేవారు కారు. ఆసుపత్రిలో మాత్రం నోరు మెదపడానికి మనకు మొగమాటం. “అయ్యా, చేతులు కడుక్కొన్నారా?” అని వినయంగా అడిగితే మంచి డాక్టరు కోపగించుకోడు. ఆ ఒక్క ప్రశ్న వెనుక వియన్నాలో పోయిన తల్లులందరూ నిలిచి ఉన్నారు. మన పిల్లలలో వైద్యం చదువుతున్నవారికి ఈ కథ చెప్పడం పెద్దల విధి.