కిల్డోనన్ కాజిల్‌పై పది రోజులు

1909 నవంబరు 13న ఇంగ్లండు తీరం విడిచి అట్లాంటిక్ మీదుగా దక్షిణాఫ్రికాకు బయలుదేరిన ‘కిల్డోనన్ కాజిల్’ నౌకలో నలభై ఏళ్ల మోహన్‌దాస్ గాంధీ రిక్తహస్తాలతో ఉన్నారు. ట్రాన్స్‌వాల్ భారతీయుల హక్కుల కోసం హాజీ హబీబ్‌తో కలసి ఆయన లండన్‌లో నాలుగు నెలలు మంత్రుల గుమ్మాలు ఎక్కి దిగారు. మద్రాసు గవర్నరుగా పనిచేసి, మన జిల్లాల పాలనను కూడా చూసిన లార్డ్ ఆంప్ట్‌హిల్ ఆయన పక్షాన నిలిచి మధ్యవర్తిత్వం నెరపినా ఫలితం లేకపోయింది. తెల్లవారి ఆధిపత్యంలో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పాటుకు బ్రిటిష్ పార్లమెంటు ఆ సెప్టెంబరులోనే చట్టం చేసేసింది. నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారు, తమిళులు ఆ లెక్కలో ఎక్కడా లేరు.

అయితే ఓడ ఎక్కేనాటికి గాంధీని తొలిచేస్తున్నది ఈ వైఫల్యం ఒక్కటే కాదు. ఆయన లండన్ చేరడానికి కొద్ది రోజుల ముందు, జులై 1న, మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపాడు. ఆగస్టు 17న ఉరికంబం ఎక్కాడు. అక్కడి భారతీయ యువకులలో ధింగ్రా వీరుడయ్యాడు. అక్టోబరులో విజయదశమి విందులో గాంధీ, సావర్కర్ ఒకే వేదికపై మాట్లాడారు. ఆయుధం తప్ప దారి లేదన్న నమ్మకం యువకులలో ఎంత లోతుగా పాతుకుపోయిందో గాంధీకి అర్థమైంది. వారికి జవాబు చెప్పాలి. ఆ జవాబు నడిసముద్రంలో వచ్చింది.

ఓడ కంపెనీ కాగితాలపైనే గుజరాతీలో రాయడం మొదలుపెట్టారు. నవంబరు 22 నాటికి 275 పుటలు పూర్తయ్యాయి. అంటే రోజుకు సగటున ఇరవై ఏడు పుటలకు పైమాటే. కుడిచేయి అలసిపోతే ఎడమచేత్తో రాశారు. అలా రాసినవే నలభై పుటల దాకా ఉన్నాయి. చేతిరాత ప్రతిలో కొట్టివేతలు చాలా తక్కువ. అదే ప్రయాణంలో టాల్‌స్టాయ్ ఒక హిందువుకు రాసిన లేఖను కూడా గుజరాతీలోకి అనువదించారు.

‘హింద్ స్వరాజ్’లో సంపాదకుడు, పాఠకుడు వాదించుకుంటారు. పాఠకుడు అసహనపరుడైన యువకుడు. ఆంగ్లేయులను తరిమి, వారి సైన్యం, వారి పార్లమెంటు, వారి యంత్రాలు మనం ఉంచుకుందామంటాడు. పులి పోయినా పులి స్వభావం మిగలాలంటున్నావా అన్నది సంపాదకుడి ఎదురుదాడి సారాంశం. రైళ్లు, వకీళ్లు, వైద్యులు ఎవరినీ ఆయన వదలలేదు. బొగ్గు మండించి నడిచే ఓడలో కూర్చుని యంత్ర నాగరికతను దుయ్యబట్టడం వైరుధ్యమే. అది ఆయనకు తెలియనిదేమీ కాదు: యంత్రంపై అచ్చయ్యే పుస్తకం యంత్రాన్ని ఎలా ఖండిస్తుందని పాఠకుడి చేత అడిగించి, విషానికి విషమే విరుగుడన్న ధోరణిలో బదులిచ్చారు. తప్పించుకునే జవాబే. ఆసుపత్రులపై రాసిన మాటలైతే నేటికీ మింగుడుపడవు. కానీ పాలకుడి రంగు మారినంత మాత్రాన పాలన మారుతుందా అన్న ప్రశ్నను ఆ కాలంలో అంత సూటిగా అడిగినవారు అరుదు.

డిసెంబరులో ‘ఇండియన్ ఒపీనియన్’ రెండు సంచికల్లో అది వెలువడింది. 1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వం గుజరాతీ పుస్తకాన్ని నిషేధించింది. బాంబులు వద్దని దేశస్థులకు నచ్చజెప్పిన రచనను బాంబులకు భయపడే ప్రభుత్వమే అడ్డుకుంది! గాంధీ వెంటనే ఆంగ్లానువాదం ప్రచురించి నిషేధానికి బదులిచ్చారు.

స్వపక్షంలోనూ దానికి ఆదరణ దక్కలేదు. గురుతుల్యుడైన గోఖలే దాన్ని తొందరపాటు రచనగా భావించి, భారతదేశంలో ఏడాది గడిపితే గాంధీయే దాన్ని నాశనం చేస్తారన్నారు. గాంధీ చేయలేదు. ఒక ఆంగ్ల మిత్రురాలి అభ్యంతరంపై, పార్లమెంటును ఉద్దేశించి వాడిన ఒకే ఒక్క మాటను తొలగించడానికి మాత్రం ఒప్పుకున్నారు. 1945 అక్టోబరులో, అధికారం చేతికందే వేళ, ఆ పుస్తకంలోని పాలనా పద్ధతికే కట్టుబడి ఉన్నానని నెహ్రూకు లేఖ రాశారు. నెహ్రూ నాలుగు రోజులకే జవాబిచ్చారు: ఇరవై ఏళ్ల కిందట చదివినప్పుడే అది తనకు వాస్తవ దూరంగా తోచిందనీ, కాంగ్రెస్ ఎన్నడూ ఆ చిత్రాన్ని పరిశీలించనేలేదనీ.