రూల్ బుక్ చదివి తయారుచేసిన కారు: స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32



1992 అక్టోబర్ 4. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ అనే ఊరు. 1000 కిలోమీటర్ల రేసు అప్పుడే ముగిసింది. గెలిచిన డ్రైవర్ జిమ్ రిచర్డ్స్ పోడియం ఎక్కాడు. కింద జనం చప్పట్లు కొట్టాలి కదా? కొట్టలేదు. బూ అని అరిచారు. ఆయన మైక్ తీసుకుని, లైవ్ టీవీలో, అంతమందినీ కలిపి ఓ బూతు మాట అన్నాడు. ఆ మాట నేనిక్కడ చెప్పను, మా అమ్మ కూడా ఈ వీడియోలు చూస్తుంది.

గెలిచినవాడిని అంతగా ఎందుకు తిట్టారు? కోపం ఆయన మీద కాదు, ఆయన నడిపిన కారు మీద. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఆర్32.

మనలో చాలామందికి స్కైలైన్ అంటే గేమ్‌లో కారు. నాకూ అంతే. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి పది రూపాయలిచ్చి అండర్‌గ్రౌండ్ 2 ఆడినప్పుడు నడిపింది ఆర్34ని. ఈరోజు చెప్పేది దాని తాత కథ.

కథ 1964లో సుజుకా ట్రాక్ మీద మొదలైంది. అప్పటికి స్కైలైన్ నిస్సాన్‌ది కాదు, ప్రిన్స్ అనే కంపెనీది. అది నాలుగు సిలిండర్ల మామూలు ఫ్యామిలీ కారు. రేసు గెలవాలని దాని ముక్కుని 200 మిల్లీమీటర్లు సాగదీసి, తమ పెద్ద కారు గ్లోరియాలోని ఆరు సిలిండర్ల ఇంజిన్‌ని అందులో పెట్టేశారు. జుగాడ్ అంటే ఇదే! ఆ కారు ఒక్క ల్యాప్ పాటు పోర్షే 904 కంటే ముందు పరిగెత్తింది. చివరికి పోర్షేనే గెలిచింది, కానీ జపాన్ వాళ్లు ఆ ఒక్క ల్యాప్‌ని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1966లో ప్రిన్స్ నిస్సాన్‌లో కలిసిపోయింది. 1969లో మొదటి జీటీ-ఆర్ వచ్చి, మూడేళ్లలో 50 రేసుల దాకా గెలిచింది. 1973లో వచ్చిన రెండోది పొగ నిబంధనల దెబ్బకి 197 కార్ల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత 16 ఏళ్లు ఆ పేరుతో కారే లేదు.

ఇక అసలు సంగతికొద్దాం. ఎనభైల చివర్లో నాగనోరి ఇతో అనే చీఫ్ ఇంజినీర్ టీమ్ జీటీ-ఆర్‌ని మళ్లీ తేవాలనుకుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. వాళ్లు ముందు కారు తయారుచేసి తర్వాత రేసుకి పంపలేదు. గ్రూప్ ఎ అనే రేసింగ్ రూల్ బుక్‌ని రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లా ముందు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి డిజైన్ చేసుకుంటూ వచ్చారు.

ఆ రూల్ ఏంటంటే, టర్బో ఉంటే ఇంజిన్ సైజుని 1.7తో గుణిస్తారు. వచ్చిన లెక్కని బట్టి కారు ఏ క్లాసులో పడుతుంది, కనీసం ఎంత బరువుండాలి, ఎంత వెడల్పు టైర్లు వేసుకోవచ్చు అన్నీ తేలతాయి. ఈ ఇంజిన్ సైజు 2568 సీసీ. 1.7తో గుణించి చూడండి. 4366 సీసీ దగ్గర్లో వస్తుంది, అంటే 4500 గీతకి కాస్త కింద. 2.6 లీటర్లు అనే వింత సైజు ఎందుకా అని నేనూ కాలేజీ రోజుల్లో తల గోక్కున్నాను. సమాధానం ఈ గుణకారంలోనే ఉంది.

ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, సిలిండర్‌కో థ్రాటిల్. అమ్మేటప్పుడు 280 హార్స్‌పవర్ అన్నారు, ఎందుకంటే జపాన్ కంపెనీలు అంతకు మించి చెప్పకూడదని తమలో తాము మాట అనుకున్నాయి. రేసు కార్లలో అదే ఇంజిన్ 500 దాటింది. షోరూమ్ కారు టర్బోల్లో తిరిగే చక్రం సెరామిక్‌ది. తేలిక కాబట్టి త్వరగా స్పీడ్ అందుకుంటుంది, కానీ ఒత్తిడి మరీ పెంచితే పగిలిపోతుంది. అందుకే రేసు కోసమని స్టీల్ టర్బోలతో 560 కార్లు విడిగా తయారుచేశారు.

ఇంత పవర్ వెనక చక్రాలకే ఇస్తే ఏమవుతుంది? దమ్ము చేసే ట్రాక్టర్‌ని చూశారు కదా, బురదలో వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. అలాగని పవర్‌ని ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పంచితే కారు మలుపులో మొండికేస్తుంది. దీనికి వాళ్ల సమాధానం అటెసా ఈ-టీఎస్. మామూలుగా ఇది వెనక చక్రాలతో నడిచే కారే. చక్రాల వేగాన్ని, కారు ఎటు ఊగుతోందో చెప్పే సెన్సర్లని ఒక కంప్యూటర్ చదువుతూ ఉంటుంది. వెనక చక్రాలు జారుతున్నాయంటే హైడ్రాలిక్ క్లచ్‌ని నొక్కి, అవసరమైనంత పవర్‌ని ముందుకి పంపుతుంది, గరిష్ఠంగా సగం దాకా. 1989లో, అండీ! నేను ఉద్యోగంలో రాసిన కోడ్ కొంత రెండేళ్లకే పక్కన పడేశారు. వీళ్ల కోడ్ ఇప్పటికీ రోడ్ల మీద నడుస్తోంది.

1990 నుంచి 1993 దాకా జపాన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో ఈ కారు 29 రేసుల్లో దిగింది. 29 గెలిచింది. ఆస్ట్రేలియా పత్రికవాళ్లు గాడ్జిలా అని పేరు పెట్టారు. 1991లో బాథర్స్ట్ కూడా కొట్టింది. 1992కి దాని మీద అదనపు బరువు పెట్టారు, టర్బో ఒత్తిడికి కళ్లెం వేశారు. అయినా అదే ముందు.

ఆ రోజు చివర్లో కుండపోత వాన. స్లిక్ టైర్ల మీద ఉన్న రిచర్డ్స్ కారు జారి, అప్పటికే గుద్దుకుని ఆగిన కార్ల మధ్యకి వెళ్లిపడింది. రేసు ఆపేశారు. రూల్ ప్రకారం ఫలితాన్ని కొన్ని ల్యాప్‌లు వెనక్కి లెక్కిస్తారు. అక్కడ ముందున్నది జీటీ-ఆర్. ట్రాక్ మీద ఇంకా పరిగెడుతున్నది మాత్రం డిక్ జాన్సన్, జాన్ బోల ఫోర్డ్ సియెర్రా. పగిలిన కారు గెలవడమేంటని జనానికి మండింది.

వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననను. ఇది జనం కొనుక్కోగలిగే కార్ల రేసు అన్నారు. కానీ జీటీ-ఆర్ అక్కడ లక్ష డాలర్లకి పైనే, అధికారికంగా అమ్మింది ఓ వంద కార్లు. సరే, వాళ్లు జై కొట్టిన సియెర్రా కూడా ఆస్ట్రేలియా షోరూముల్లో దొరకదు, అది వేరే సంగతి. కంప్యూటరే నడుపుతోంది, డ్రైవర్ గొప్పేముంది అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. అలా అయితే ఆ వానలో కారు ఎందుకు జారింది? ఆ క్లచ్ ఉన్న పట్టుని చక్రాల మధ్య పంచగలదు, లేని పట్టుని పుట్టించలేదు. నాలుగు టైర్లూ నీళ్ల మీద తేలితే ఇక పంచడానికేముంది?

ఇంకో విషయం చాలామంది చెప్పరు. అదే రేసులో 1967 ఫార్ములా వన్ చాంపియన్ డెనీ హల్మ్ కారు నడుపుతూనే గుండెపోటుతో చనిపోయాడు. ఆయన రిచర్డ్స్‌కి మంచి స్నేహితుడు. ఆ కబురు విన్న కాసేపటికే రిచర్డ్స్ పోడియం ఎక్కాడు. ఆ వీడియో ఈసారి చూస్తే ఆయన మొహం చూడండి.

1993 నుంచి ఆస్ట్రేలియాలో రూల్స్ మారిపోయాయి, ఐదు లీటర్ల వీ8 ఫోర్డ్, హోల్డెన్ కార్ల కాలం వచ్చింది. గాడ్జిలాకి అక్కడ చోటు లేదు. 2002లో రిచర్డ్స్, 1992లో ఆయనతో కలిసి నడిపిన మార్క్ స్కైఫ్ మళ్లీ జతకట్టి బాథర్స్ట్ గెలిచారు. ఈసారి హోల్డెన్ కారులో.