వేడి పట్టించే రహస్యాలు

కర్మాగారానికి పైకప్పు వేసి, చుట్టూ కంచె కట్టి లోపలి పని ఎవరి కంటా పడకుండా చూసుకోవచ్చు. అణు రియాక్టర్ వేడిని దాచడం మాత్రం కష్టం. చెర్నోబిల్ తరహా రియాక్టర్ నిండుగా నడిస్తే 3200 మెగావాట్ల వేడి పుడుతుంది. అందులో కరెంటుగా మారేది 1000 మెగావాట్లే. మిగతాదంతా చెరువులోకో నదిలోకో గాలిలోకో వదలాల్సిందే. ఆకాశం నుంచి ఉష్ణ చిత్రాలతో అణుకేంద్రాలపై పెట్టే నిఘాకు ఇదే ఆధారం.

కంటికి కనిపించని వేడి కిరణాల జాడ 1800లో ఇంగ్లండ్‌లో దొరికింది. విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టాడు. ఎరుపు దాటాక ఏ రంగూ లేనిచోట పెట్టిన థర్మామీటరే ఎక్కువ వేడి చూపించింది. అవే పరారుణ కిరణాలు. అంతరిక్షం నుంచి వీటిని చూడడం మొదట వాతావరణ పరిశీలనకు, సైన్యానికి అక్కరకొచ్చింది. క్షిపణుల మంటను పసిగట్టే డీఎస్‌పీ ఉపగ్రహాలను అమెరికా 1970 నుంచి పంపింది. ఆ సమాచారం రహస్యం. బయటివాళ్లకు అందుబాటులోకి వచ్చింది పంటలు, అడవులు, నీటివనరులు చూడడానికి పంపిన లాండ్‌శాట్. 1984 మార్చిలో ఎగిరిన లాండ్‌శాట్-5 ఉష్ణ చిత్రంలో ఒక్కో పిక్సెల్ 120 మీటర్ల చదరం. అందులో ఇల్లు ఆనదు, చెరువు ఆనుతుంది.

అది చాలని 1986లో రుజువైంది. ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగో యూనిట్ పేలింది. 28న స్వీడన్‌లో రేడియోధార్మికత బయటపడ్డాకే, ఆ సాయంత్రం, మాస్కో నాలుగు ముక్కల్లో ప్రకటన చేసింది. 29న లాండ్‌శాట్-5 ఆ మీదుగా వెళ్లింది. పేలిన యూనిట్ ఉన్నచోట ఒక పరారుణ చిత్రంలో మెరిసే చుక్క పడింది. అందరూ చూసింది దాన్నే. నాకు అంతకన్నా గట్టి సాక్ష్యం పక్కనున్న చెరువు. కేంద్రం నడుస్తున్నప్పుడు వేడెక్కి వచ్చిన నీళ్లు చెరువులో చుట్టుతిరుగుతూ చల్లారతాయి. పాత చిత్రాల్లో ఆ వేడి మెట్టుమెట్టుగా తగ్గడం కనిపిస్తుంది. ఆ రోజు చిత్రంలో ఆ తేడా చెరిగిపోయింది. అంటే మిగతా మూడు యూనిట్లూ ఆగిపోయాయన్నమాట.

ఇలాంటి పనికోసమే అమెరికా ఇంధన శాఖ 2000 మార్చిలో ఎంటీఐ అనే ఉపగ్రహాన్ని పంపింది. దాని ఉష్ణ చిత్రాలు 20 మీటర్ల స్పష్టతకు చేరాయి. 2008లో లాండ్‌శాట్ చిత్రాలను అందరికీ ఉచితం చేయడం, నా లెక్కలో, అంతకన్నా పెద్ద మలుపు. ప్రభుత్వాలు చెప్పింది నమ్మి ఊరుకోనక్కర్లేదు, ఓపిక ఉన్న పరిశోధకుడు తానే చూసుకోవచ్చు.

ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోన్ విషయంలో జరుగుతున్నది అదే. అక్కడి చిన్న రియాక్టర్ శీతలీకరణ గోపురాన్ని 2008 జూన్‌లో కూల్చేశారు. 2013లో రియాక్టర్‌ను మళ్లీ నడిపినప్పుడు ఆ గోపురం నుంచి లేచే ఆవిరి లేదు. వేడినీళ్లు పక్కనున్న కూర్యోంగ్ నదిలోకి పోయాయి. అంతర్జాతీయ తనిఖీదారులను ఆ దేశం 2009 ఏప్రిల్‌లోనే పంపించేసింది కనుక ఇలాంటి జాడలే దిక్కయ్యాయి.

అయితే ఉష్ణ చిత్రం చూసేది పై పొరనే. మబ్బు పడితే అదీ లేదు. 2017లో ఉత్తర కొరియాను గమనించే 38 నార్త్ సంస్థ విశ్లేషకులు యోంగ్‌బ్యోన్ ఉష్ణ చిత్రాలు చూసి, ప్లుటోనియం వేరుచేసే ప్రయోగశాల అప్పుడప్పుడు నడిచినట్టుందన్నారు. యురేనియం శుద్ధి భవనం కూడా వేడెక్కింది. అందులో సెంట్రిఫ్యూజులు తిరిగాయా, మరమ్మతులు జరిగాయా అన్నది మాత్రం వాళ్లు తేల్చలేకపోయారు.